కొండలెక్కే వీరుడు మొత్తం పందెం గెలవగలడా?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో సాహిత్యం గురించో, ఆరోగ్యం గురించో, పెన్షను నిబంధనల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి ఆటల మీద ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. క్రికెట్ గురించి చెప్పడానికి నేను అక్కర్లేదు. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న పిల్లలు నాకంటే బాగా చెప్తారు. అందుకని మనవాళ్ళు అంతగా పట్టించుకోని ఒక ఆటను ఎంచుకున్నాను. అది రోజుల తరబడి సాగే సైకిలు పందెం. ఫ్రాన్సులో జరిగే టూర్ ద ఫ్రాన్స్, ఇటలీలో జరిగే జిరో, స్పెయిన్ లో జరిగే వుయెల్తా ఈ జాతిలో పెద్దవి.

ఈ మధ్య మన కుర్రాళ్ళు చాలామంది సైకిళ్ళు కొంటున్నారు. సెలవులో మనాలి నుంచి లేహ్ దాకా తొక్కి వస్తున్నారు. నీలగిరుల్లో 2008 నుంచి ఏటా జరిగే టూర్ ఆఫ్ నీలగిరీస్ లాంటి యాత్రలకు పేర్లు ఇస్తున్నారు. వాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, కొండ ఎక్కడంలో మొనగాడు అయినవాడు మొత్తం పందెం గెలవగలడా, లేక వాడు ఎప్పటికీ ఆ ఒక్కరోజు వీరుడేనా?"

ఇది సైకిళ్ళ ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, యూనిఫారం వేసుకున్న ప్రతివాడికీ ఎదురయ్యే ప్రశ్న. ఒక విద్యలో ఆరితేరినవాడి చేతికి మొత్తం బాధ్యత అప్పగించవచ్చునా? ఆ ఒక్క విద్య మీద నమ్మకంతో అతను మొత్తం భారం మోయగలడా? అందుకని కాస్త వివరంగానే చెప్పుకుందాం.

పందెం లెక్క ఏమిటి?

ముందు ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. టూర్ ద ఫ్రాన్స్ 1903లో మొదలైంది. ఇప్పుడు అది మూడు వారాల పందెం. 21 రోజుల పరుగు, మధ్యలో విశ్రాంతికి రెండు రోజులు, మొత్తం సుమారు 3,400 కి.మీ. ప్రతి రోజుకూ ఒక విజేత ఉంటాడు. కానీ అన్ని రోజుల సమయాలూ కూడితే ఎవరిది తక్కువో అతనే మొత్తం విజేత. అతనికి పసుపు జెర్సీ. కొండల శిఖరాల మీద ముందుగా చేరి పాయింట్లు కూడబెట్టుకున్నవాడికి వేరే బహుమతి, దాన్ని 1933 నుంచి ఇస్తున్నారు. 1975 నుంచి అతనికి తెల్లని బట్ట మీద ఎర్రచుక్కల జెర్సీ.

ఇక్కడే మెలిక ఉంది. చుక్కల జెర్సీ కావాలంటే శిఖరాల మీద ముందుండాలి. పసుపు జెర్సీ కావాలంటే ఏ రోజూ వెనకబడకూడదు. ఈ రెండూ ఒకటి కావు. ఫ్రాన్సుకు చెందిన రిషార్ విరాంక్ కొండల బహుమతిని ఏడుసార్లు గెలిచాడు. ఇప్పటిదాకా అంతకంటే ఎక్కువసార్లు గెలిచినవాడు లేడు. మొత్తం పందెం ఒక్కసారి కూడా గెలవలేదు. అదే సమయంలో గ్రెగ్ లెమాండ్ 1990లోను, క్రిస్ ఫ్రూమ్ 2017లోను ఒక్క రోజు పందెం కూడా గెలవకుండా మొత్తం టూర్ గెలిచారు. రోజూ గెలవడం వేరు, ఓడకుండా ఉండడం వేరు అన్నమాట.

రోజులు కూడా అన్నీ ఒకలాంటివి కావు. కొన్ని చదును నేల మీద, కొన్ని మిట్టపల్లాల్లో, కొన్ని ఆల్ప్స్, పిరనీస్ కొండల్లో. వీటికి తోడు టైమ్ ట్రయల్ అని ఒకటుంది. అందులో గుంపు ఉండదు. ఒక్కొక్కరినే వదులుతారు, ఎవరి గాలి వాళ్ళే చీల్చుకుంటూ గడియారంతో పోటీ పడాలి. కొండలెక్కేవాడికి అసలు గండం అక్కడే.

పిట్ట కొంచెం, కూత ఘనం

కొండలెక్కేవాడు సాధారణంగా చిన్న మనిషి. ఇటలీ వీరుడు మార్కో పంతానీ బరువు సుమారు 57 కిలోలు. 1991 నుంచి 1995 దాకా వరసగా అయిదు టూర్లు గెలిచిన స్పెయిన్ వీరుడు మిగెల్ ఇందురైన్ బరువు 80 కిలోల దగ్గర, ఎత్తు ఆరడుగుల పైచిలుకు. వీళ్ళిద్దరూ ఒకే పందెంలో, ఒకే గడియారానికి పోటీ పడతారు.

లెక్క చూద్దాం. 60 కిలోల మనిషి, సైకిలు, నీళ్ళ సీసా అన్నీ కలిపి 68 కిలోలు అనుకోండి. వెయ్యి మీటర్ల ఎత్తును 40 నిమిషాల్లో ఎక్కాలంటే, గాలి, రాపిడి వదిలేసి, ఒక్క బరువును పైకి లాగడానికే దాదాపు 278 వాట్ల శక్తి కావాలి. అదే 78 కిలోల మనిషికి, సామానుతో 86 కిలోలు, 351 వాట్లు కావాలి. అంటే పెద్ద మనిషి 73 వాట్లు అదనంగా తొక్కితే గానీ చిన్న మనిషి పక్కన ఉండలేడు.

చదును నేల మీద ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ శత్రువు బరువు కాదు, గాలి. 78 కిలోల మనిషి 60 కిలోల మనిషికంటే 30 శాతం బరువెక్కువ. కానీ సైకిలు మీద వంగి కూర్చున్నప్పుడు గాలికి ఎదురయ్యే అతని దేహం 30 శాతం పెద్దది కాదు, అంతకంటే బాగా తక్కువ. అతని కండల శక్తి మాత్రం బాగా ఎక్కువ. పైగా గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. గంటకు 40 కి.మీ. నుంచి 44కు పెంచాలంటే, పెరిగిన వేగం 10 శాతమే, కావలసిన శక్తి 33 శాతం. ఆ అదనపు శక్తి చిన్న ఇంజనులో ఉండదు.

ఇదంతా మనకు తెలియనిది కాదు. బి.పి.ఇ.టి.లో నిలువు తాడు ఎక్కేటప్పుడు బక్కపల్చటి జవాను కోతిలాగా చకచకా పైకి పోతాడు. అదే జవాను పూర్తి సామాను భుజాన వేసుకుని 5 కి.మీ. పరుగెత్తేటప్పుడు కండగల జవాను అతన్ని దాటిపోతాడు. మోసే బరువు ఇద్దరికీ ఒకటే, కానీ చిన్నవాడి దేహంలో అది ఎక్కువ వంతు. ఏ పరీక్ష పెడుతున్నారన్నదాన్ని బట్టి ఎవరు గట్టివాడో తేలుతుంది.

దారి గీసేవాడి చేతిలో సగం

కాబట్టి మొదటి మాట ఇది. కొండలెక్కేవాడు గెలుస్తాడా అన్నది సగం వరకు దారి నిర్ణయించేవాడి చేతిలో ఉంటుంది. 1992 టూర్ లో లక్సెంబర్గ్ లో 65 కి.మీ. టైమ్ ట్రయల్ పెట్టారు, చివర్లో 64 కి.మీ.ది ఇంకొకటి. రెండూ ఇందురైనే గెలిచాడు. లక్సెంబర్గ్ లో రెండో స్థానంలో వచ్చినవాడే 3 నిమిషాలు వెనకబడ్డాడు. అంటే కిలోమీటరుకు దాదాపు 3 సెకన్లు. ఆ ఏడాది కొండల బహుమతి గెలిచిన క్లౌదియో కియాపుచ్చి, ఇటలీలోని సెస్త్రియేరె కొండ మీద ముగిసిన రోజున 200 కి.మీ.కి పైగా ముందుండి, చాలా దూరం ఒంటరిగా తొక్కి గెలిచాడు. జనం పిచ్చెత్తిపోయారు. చివరకు ఏమైంది? ఇందురైన్ కు నాలుగున్నర నిమిషాల వెనక రెండో స్థానం.

2012లో టైమ్ ట్రయల్ దూరం మొత్తం 101 కి.మీ. దాటింది. గడియారం పందేల నిపుణుడు బ్రాడ్లీ విగ్గిన్స్ గెలిచాడు. అదే 2015లో ఒంటరి టైమ్ ట్రయల్ 13.8 కి.మీ. మాత్రమే. కొండలెక్కేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? కానీ ఆ ఏడాది కొలంబియా వీరుడు నైరో కింతానాకు జరిగిందేమిటో వింటే అసలు పాఠం బోధపడుతుంది.

రెండో రోజున పందెం నెదర్లాండ్స్ లో, సముద్రం ఒడ్డున జీలాండ్ లో. కొండ కాదు గదా, గుట్ట కూడా లేదు. పక్కగాలి కొట్టింది. పక్కగాలిలో గుంపు మొత్తం ఒకరి వెనక ఒకరు దాక్కోలేదు, రోడ్డు వెడల్పు ఎంతమందికి పడితే అంతమందికే చాటు. మిగిలినవాళ్ళు ముక్కలుముక్కలుగా విడిపోతారు. కింతానా వెనక ముక్కలో ఇరుక్కుపోయాడు. ఆ ఒక్క మధ్యాహ్నం 1 నిమిషం 28 సెకన్లు పోయింది. మూడు వారాల తర్వాత, చివరి కొండ అల్ప్ దుయెజ్ మీద క్రిస్ ఫ్రూమ్ ను వదిలి కింతానా దూసుకుపోయాడు. 1 నిమిషం 20 సెకన్లు సంపాదించాడు. అయినా చాలలేదు. మొత్తం మీద 1 నిమిషం 12 సెకన్ల తేడాతో ఓడిపోయాడు.

న్యాయంగా చెప్పాలంటే పిరనీస్ లో ఒకరోజు ఫ్రూమ్ కూడా అతని మీద నిమిషం పైగా లాగాడు. కాబట్టి గాలి ఒక్కటే ఓడించిందనలేం. కానీ సముద్రమట్టానికి సమానమైన నేల మీద పోయిన కాలం రెండు వేల మీటర్ల ఎత్తు మీద పోయిన కాలంతో సమానమేనన్నది మాత్రం నిజం. గడియారానికి ఎత్తుపల్లాలు తెలియవు.

మహిళల పందెంలో 2024లో ఇంకా దారుణంగా జరిగింది. నెదర్లాండ్స్ కు చెందిన డెమి వోలరింగ్ పసుపు జెర్సీలో ఉండగా, పెద్ద కొండలు లేని రోజున, ముగింపుకు కొద్ది దూరంలో గుంపులో పడిపోయింది. 1 నిమిషం 47 సెకన్లు పోయాయి. చివరి రోజు అల్ప్ దుయెజ్ మీద ఆమే గెలిచింది. మొత్తం పందెం పోలండుకు చెందిన కాషా నీవియాడోమాకు దక్కింది. తేడా ఎంతో తెలుసా? నాలుగు సెకన్లు. నేను ఇంతసేపు "నాలుగు సెకన్లు" అని రెండుసార్లు పలికేలోగా గడిచిపోయే కాలం.

గెలిచినవాళ్ళు ఎలా గెలిచారు?

ఇన్ని ఓటముల తర్వాత కొండలెక్కేవాడు గెలవలేడని తీర్పు చెప్పేద్దామా? వద్దు. గెలిచినవాళ్ళు ఉన్నారు. ఎలా గెలిచారో చూద్దాం.

1958లో లక్సెంబర్గ్ కు చెందిన షార్లీ గాల్. ఆల్ప్స్ లో చివరి రోజు ఉదయానికి పావుగంట వెనక ఉన్నాడు. ఆ రోజు కుండపోత వాన, చలి. మిగతావాళ్ళు వణికిపోతుంటే ఇతనికి ఆ వాతావరణమే ఇష్టం. షార్త్రూజ్ కొండల్లో వరసగా కనుమలు దాటి, ఆ పావుగంటలో దాదాపు అంతా ఒక్కరోజులో వెనక్కి లాగాడు. కథ అంతటితో ముగిస్తే పొరపాటు. ఆ రోజు సాయంత్రానికి కూడా అతనికి పసుపు జెర్సీ రాలేదు. తర్వాత దిజోన్ లో ముగిసిన 70 కి.మీ. పైబడిన టైమ్ ట్రయల్ గెలిచాకే వచ్చింది. కొండ మీద పేరొచ్చింది, చదును నేల మీద జెర్సీ వచ్చింది.

1959లో స్పెయిన్ కు చెందిన ఫెదెరికో బహామోంతెస్. టోలెడో డేగ అని బిరుదు. కుర్రతనంలో శిఖరం మీద అందరికంటే ముందు చేరి, అక్కడ ఐస్ క్రీము తింటూ మిగతావాళ్ళ కోసం ఆగాడని కథ. అలాంటి మనిషి మొత్తం పందెం ఎప్పుడు గెలుస్తాడు? శిఖరమే గమ్యం అనుకున్నంతకాలం గెలవలేదు. కొండల బహుమతి ఆరుసార్లు వచ్చింది, పసుపు జెర్సీ ఒక్కసారే. ఆ ఒక్కసారి కూడా, ఫ్రెంచి వీరులు తమలో తాము పోట్లాడుకుంటూ ఉండడం అతనికి కలిసొచ్చింది. అతని బలం ఎంత నిజమో, అవతలివాళ్ళ అనైక్యతా అంతే నిజం.

1976లో బెల్జియంకు చెందిన లూసియన్ వాన్ ఇంపె. ఇతనిదీ ఆరు కొండల బహుమతులు, ఒక్క పసుపు జెర్సీ. ఇతనికి సమయం చూసి దాడి చేయమని వెంటపడి చెప్పే దర్శకుడు దొరికాడు, సిరిల్ గిమార్ అని. సేన్ లారీ కొండ మీద ముగిసే రోజున, చివరి కొండ దాకా ఆగకుండా, చాలా ముందే కదిలాడు. ప్రత్యర్థి యోప్ జూటెమెల్క్ మూడు నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. చివరి తేడా నాలుగు నిమిషాల పైచిలుకు. ఒంట్లో బలం తనదే, దాన్ని ఎప్పుడు ఖర్చు పెట్టాలో చెప్పిన బుర్ర ఇంకొకరిది.

2008లో స్పెయిన్ కు చెందిన కార్లోస్ సాస్త్రె. అల్ప్ దుయెజ్ 13.8 కి.మీ. ఎక్కుడు, 21 మలుపులు. కొండ మొదట్లోనే కదిలాడు. ఆ ఉదయం పసుపు జెర్సీ అతని జట్టువాడు ఫ్రాంక్ ష్లెక్ దగ్గరే ఉంది. ఫ్రాంక్, తమ్ముడు ఆండీ ఇద్దరూ వెనక గుంపులో ఉండి ప్రత్యర్థుల్ని వెంటాడనివ్వలేదు. ప్రధాన ప్రత్యర్థి క్యాడెల్ ఎవాన్స్ మీద 2 నిమిషాల 15 సెకన్లు వచ్చింది. మూడు రోజుల తర్వాత 53 కి.మీ. టైమ్ ట్రయల్. అందరూ ఇక సాస్త్రె పని అయిపోయిందనుకున్నారు. అరనిమిషమే వదులుకున్నాడు. 58 సెకన్ల తేడాతో గెలిచాడు.

మూడేళ్ళ తర్వాత అదే ఆండీ ష్లెక్ గలిబియె శిఖరం మీద, 2,645 మీటర్ల ఎత్తున, 60 కి.మీ. దూరం నుంచి దాడి చేసి అద్భుతంగా గెలిచాడు. టైమ్ ట్రయల్ కు ముందు ఎవాన్స్ మీద 57 సెకన్ల ఆధిక్యం. గ్రెనోబుల్ లో 42.5 కి.మీ.లో 2 నిమిషాల 31 సెకన్లు పోగొట్టుకున్నాడు. అక్కడితో సరి. సాస్త్రెకూ ఆండీకీ కొండ మీద పెద్ద తేడా లేదు. తేడా అంతా గడియారం ముందు పోగొట్టుకున్నదాంట్లో ఉంది. కుండలో ఎంత పోశామన్నదే కాదు, చిల్లు ఎంతదన్నది కూడా చూడాలి.

పంతానీ కథ, మనం దాచకూడని మాట

ఈ విషయం మాట్లాడేటప్పుడు అందరూ మొదట చెప్పే పేరు 1998లో జిరో, టూర్ రెండూ గెలిచిన పంతానీది. రెండు పెద్ద టైమ్ ట్రయల్స్ లో యాన్ ఉల్రిక్ కు ఆరున్నర నిమిషాలకు పైగా సమర్పించుకుని కూడా గెలిచాడు. ఎందుకంటే గలిబియె మీద చలివానలో దాడి చేసి, ఒక్కరోజులోనే ఉల్రిక్ మీద దాదాపు 9 నిమిషాలు లాగాడు. చూసినవాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు.

కానీ మరుసటి ఏడాది జిరో ముగియడానికి ముందు రక్తపరీక్షలో ఎర్రకణాల శాతం 50 పరిమితి దాటడంతో అతన్ని పందెం నుంచి తప్పించారు. ఆ తర్వాత మనిషి కోలుకోలేదు. 2004 ఫిబ్రవరిలో, 34 ఏళ్ళకే చనిపోయాడు. 1998 టూర్ నాటి నమూనాలను తర్వాతి కాలంలో మళ్ళీ పరీక్షించగా పంతానీవి, ఉల్రిక్ వి రెండూ ఇ.పి.ఓ. చూపించాయని 2013లో ఫ్రాన్స్ సెనేటు నివేదిక బయటపెట్టింది.

ఈ ఇ.పి.ఓ. ఏమిటో ఈ సభలో వేరేగా చెప్పాలా? లేహ్ లో 3,500 మీటర్ల ఎత్తున దిగగానే ఆరు రోజులు అలవాటు పడమంటారు. ఇంకా పైకి పోవాలంటే రెండో దశకు నాలుగు రోజులు, మూడో దశకు మరో నాలుగు. ప్రాణవాయువు తక్కువైనప్పుడు మన మూత్రపిండాలు స్వయంగా తయారుచేసే పదార్థమే ఇది, ఎర్రకణాలను పెంచుతుంది. మన జవాను రోజులూ వారాలూ ఓపికపట్టి, తలనొప్పి భరించి, దేహాన్ని ఒప్పించి సంపాదించేదాన్ని వాళ్ళు సూదిమందుతో కొనుక్కున్నారు. రక్తం చిక్కబడితే గుండెకు, మెదడుకు ఎంత ప్రమాదమో హై ఆల్టిట్యూడ్ లో పనిచేసిన వైద్యులు చెప్తారు.

అందుకని "పంతానీ గెలిచాడు కాబట్టి కొండలెక్కేవాడు గెలవగలడు" అనే వాదన నేను చెయ్యను. ఆ కాలపు లెక్కలతో దేన్నీ రుజువు చెయ్యలేం.

సైకిలు తొక్కే మన పిల్లలకు ఇంకో మాట. తేలిగ్గా ఉంటే కొండ ఎక్కుతామని తిండి మానేసేవాళ్ళు ఉన్నారు. బరువుతో పాటు కండ పోతుంది, ఎముక పలచబడుతుంది, జబ్బులు త్వరగా అంటుకుంటాయి. మూడు వారాల పందెంలో 20వ రోజున గెలిపించేది తిన్న తిండి, పట్టిన నిద్ర. రేషను సరిగా అందని దళం ఎంత ధైర్యంగా ఉన్నా ఎంత దూరం పోగలదో మీకు తెలుసు.

నమ్మదగిన రుజువులు

మందుల నీడ లేని రుజువు కావాలంటే ఇటీవలి కాలానికి రావాలి.

2019లో కొలంబియాకు చెందిన ఎగాన్ బెర్నాల్, 22 ఏళ్ళ కుర్రాడు, టూర్ గెలిచాడు. లాటిన్ అమెరికా నుంచి టూర్ గెలిచిన మొదటివాడు. అతను పెరిగిన సిపకిరా ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. 19వ రోజున 2,770 మీటర్ల ఇజెరాన్ కనుమ మీద అందరికంటే ముందుగా దాటాడు. అవతలి పక్క వడగళ్ళు, కొండచరియలు పడి దారి మూసుకుపోవడంతో ఆ శిఖరం మీది సమయాలనే లెక్కలోకి తీసుకున్నారు. పసుపు జెర్సీ వచ్చింది.

కానీ అంతకు పదకొండు రోజుల ముందు, ఆల్బీ ఊరికి పోయే దారిలో పక్కగాలి కొట్టిన సంగతి చాలామంది మరిచిపోతారు. ఆ రోజు గుంపును ముక్కలు చేసినవాళ్ళలో బెర్నాల్ జట్టు ఉంది. బెర్నాల్ ముందు ముక్కలో ఉన్నాడు. ఫ్రాన్స్ ఆశలన్నీ మోస్తున్న తిబో పినో వెనక ముక్కలో ఉండి 1 నిమిషం 40 సెకన్లు పోగొట్టుకున్నాడు. పినో తూర్మలె శిఖరం మీద గెలిచాడు, తర్వాత తొడ కండరం దెబ్బతిని ఏడుస్తూ పందెం వదిలేశాడు. ఇద్దరూ కొండలెక్కేవాళ్ళే. ఒకరి వెంట గాలిని తెలిసిన జట్టు ఉంది.

2025 జిరో ఇంకా ముచ్చటైనది. బ్రిటన్ కు చెందిన సైమన్ యేట్స్ 2018లో 13 రోజులు గులాబి జెర్సీ తొడుక్కుని, మూడు రోజుల పందేలు గెలిచి, ఫినెస్త్రె అనే మట్టిరోడ్డు కొండ మీద కుప్పకూలాడు. ఆ ఒక్కరోజే 38 నిమిషాలకు పైగా పోయాయి. ఏడేళ్ళ తర్వాత మళ్ళీ అదే కొండ, అదీ చివరి నుంచి రెండో రోజున. యేట్స్ మూడో స్థానంలో, 1 నిమిషం 21 సెకన్ల వెనక. ముందున్న ఇసాక్ దెల్ తోరో, రెండో స్థానంలోని రిచర్డ్ కరపాజ్ ఒకరినొకరు కాపలా కాసుకుంటూ ఉండిపోయారు. యేట్స్ కదిలాడు. కొండ దాటాక అవతల లోయలో గాలికి ఎదురు పోవాలి, చిన్న మనిషి అక్కడ చిక్కిపోవాలి. కానీ అతని జట్టు ముందుచూపుతో వౌట్ వాన్ ఆర్ట్ అనే బలశాలిని పొద్దున్నే ముందు గుంపులో పంపి ఉంచింది. అతను యేట్స్ కోసం ఆగి లోయ పొడుగునా గాలికి అడ్డుగా నిలబడి లాక్కుపోయాడు. మర్నాడు రోమ్ లో మొత్తం తేడా 3 నిమిషాల 56 సెకన్లు.

పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలంటారు మనవాళ్ళు. యేట్స్ అదే చేశాడు. ఆ జిరోలో టైమ్ ట్రయల్స్ రెండూ కలిపి 42 కి.మీ. పైచిలుకే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. దారి అనుకూలించింది, ప్రత్యర్థులు తగువులాడుకున్నారు, రిజర్వు బలాన్ని సరైనచోట ముందే మోహరించారు, మనిషి సరైన కొండ మీద దాడి చేశాడు. నాలుగూ కలిశాయి.

ఇక పొగాచార్, వింగెగోల సంగతి. స్లొవేనియాకు చెందిన తదేయ్ పొగాచార్ 2020, 2021, 2024, 2025ల్లో టూర్ గెలిచాడు. డెన్మార్కుకు చెందిన యోనాస్ వింగెగో 2022, 2023ల్లో గెలిచాడు. పొగాచార్ కు 2020, 2021, 2025ల్లోను, వింగెగోకు 2022లోను పసుపు జెర్సీతో పాటు కొండల బహుమతి కూడా వచ్చింది. అంటే కొండలెక్కేవాళ్ళ కాలం వచ్చేసినట్టేనా? ఒక్క క్షణం ఆగండి. 2020లో పొగాచార్ 57 సెకన్ల వెనక ఉండి ప్రిమోజ్ రోగ్లిచ్ ను దాటింది ఎక్కడ? 36.2 కి.మీ. టైమ్ ట్రయల్ లో, చివర కొండ ఉన్నమాట నిజమే గానీ. 2023లో వింగెగో పొగాచార్ మీద పెద్ద దెబ్బ కొట్టింది ఎక్కడ? 22.4 కి.మీ. టైమ్ ట్రయల్ లో, 1 నిమిషం 38 సెకన్ల తేడాతో. వీళ్ళు కొండలెక్కేవాళ్ళే, కానీ కొండ దిగాక చేతకానివాళ్ళు కారు. కొండ తప్ప ఇంకేదీ రాని పాతకాలపు పిట్టలు మొత్తం పందేల ముందు వరసలో ఇప్పుడు దాదాపు కనిపించవు.

తీర్పు

ఇంతకీ ప్రశ్నకు జవాబు. గెలవగలడు. నాలుగు షరతులు. ఒకటి, దారిలో శిఖరాల మీద ముగిసే రోజులు ఎక్కువ, ఒంటరి టైమ్ ట్రయల్ తక్కువ ఉండాలి. ఇది అతని చేతిలో లేదు. రెండు, తన బలహీన రోజున పోయేది నిమిషాల్లో కాక సెకన్లలో ఉండేలా సాధన చెయ్యాలి. ఇది పూర్తిగా అతని చేతిలో ఉంది. మూడు, గాలిలో దాచి, గుంపులో ముందుంచి, లోయలో లాక్కుపోయే జట్టు కావాలి. నాలుగు, ఉన్న బలాన్ని ప్రతి కొండ మీదా చిల్లర ఖర్చు పెట్టకుండా ఒకటి రెండు పెద్ద కొండల కోసం దాచుకోవాలి. శిఖరం మీద చప్పట్ల కోసం తొక్కేవాడికి చుక్కల జెర్సీ వస్తుంది, అది చిన్న గౌరవమేమీ కాదు. కానీ పసుపు జెర్సీ వేరు.

మన ఉద్యోగాలకు అన్వయిస్తే, నేను రెండో షరతునే పట్టుకుంటాను. సిగ్నల్స్ లో, ఇంజన్ల దగ్గర, రాడార్ ముందు, ఓడ అడుగున, ఆపరేషన్ థియేటరులో మనలో చాలామంది ఒక్కో విద్యలో మొనగాళ్ళు. దాన్ని వదులుకోమని ఎవరూ అనకూడదు. గాల్, సాస్త్రె, బెర్నాల్ గెలిచింది కొండ వల్లనే. కానీ కమాండ్ కు పోయేవాడూ, పదవీ విరమణ తర్వాత బయటి ప్రపంచంలో ఉద్యోగం వెతుక్కునేవాడూ తనకు రాని పనిని కూడా నెట్టుకురాగలిగేంత నేర్చుకోవాలి. అందులో మొనగాడు కానక్కర్లేదు. సాస్త్రె ఆ టైమ్ ట్రయల్ గెలవలేదు, మొదటి పదిమందిలో కూడా లేడు. అయినా సరిపోయింది.

వెల్లింగ్టన్ లో పనిచేసినవాళ్ళకు నీలగిరి ఘాట్ రోడ్లు తెలుసు. మసినగుడి నుంచి ఊటీ పోయే కల్హట్టి ఘాట్ 36 మలుపులతో నిట్టనిలువుగా ఉంటుంది. సైకిలు మీద అక్కడ ఎక్కే కుర్రాళ్ళకు నా సలహా ఒక్కటే. కల్హట్టి మీద ఎంత సాధన చేస్తారో, మైసూరు వైపు ఎదురుగాలి కొట్టే చదును రోడ్డు మీద కూడా అంత చెయ్యండి. ఎవరూ చూడరు, ఎవరూ చప్పట్లు కొట్టరు. మొత్తం లెక్కలో ఆ సెకన్లు కూడా ఉంటాయి.